నాలుక కింద పెట్టే మందు: దాని దారి, దాని వేగం

సోలాపూరు మగ్గాల పేటలో మూడు తరాలుగా స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించవచ్చు. ఇంటి పెద్దాయనకు మెట్లెక్కితే ఛాతీలో బిగువు వస్తుంది. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, రోజూ వేసుకునే మాత్రలతో పాటు, నొప్పి వచ్చినప్పుడు మాత్రమే వాడమని ఒక చిన్న మాత్రను కూడా రాసి ఇచ్చారు. "జిభేఖాలీ ఠేవా" అని వైద్యుడు మరాఠీలో చెప్పాడు. రద్దీలో ఆ మాట పెద్దాయన చెవిన సరిగా పడలేదు. పదిరోజుల తర్వాత ఒక సాయంత్రం నొప్పి రాగానే ఆయన ఆ మాత్రను నోట్లో వేసుకొని గ్లాసెడు నీళ్లు తాగి పడుకున్నాడు. పావుగంట గడిచినా నొప్పి తగ్గలేదు. చీటీని చదివి చూసిన కోడలు, "మామా, ఈ గోలి మింగేది కాదంట, నాలుక కింద పెట్టుకునేదంట" అని చెప్పేదాకా జరిగిన పొరపాటు ఎవరికీ తెలియలేదు.

ఇక్కడ మందు సరైనదే, మోతాదు సరైనదే, రోగీ సరైనవాడే. తప్పినది దారి ఒక్కటే. అదే మాత్ర కడుపులోకి పోతే ఒక విధంగానూ, నాలుక కింద కరిగితే మరొక విధంగానూ ఎందుకు పనిచేస్తుంది? ఈ పాఠం ఆ ప్రశ్నకు సమాధానం చెబుతుంది.

మింగిన మందు ప్రయాణం

మింగిన మాత్ర మొదట జీర్ణాశయానికి చేరుతుంది. అక్కడి ఆమ్లంలో నాని, విడిపోయి, మెల్లగా చిన్నపేగులోకి దిగుతుంది. భోజనం చేసిన కడుపైతే ఈ ఘట్టం మరింత ఆలస్యమవుతుంది. పేగు గోడల గుండా మందు రక్తంలో కలుస్తుంది. అయితే పేగుల నుంచి బయలుదేరిన రక్తం నేరుగా గుండెకు పోదు. ప్రతిహారిణీ సిర అనే పెద్ద నాళం దానిని ముందుగా కాలేయానికి తీసుకుపోతుంది.

కాలేయం శరీరానికి సుంకపు చావడి వంటిది. ఆహారంతో వచ్చిన ప్రతి పదార్థాన్నీ అది పరిశీలిస్తుంది. పరాయిదని తోచినదానిని విరిచి, మార్చి, బయటకు పంపే ప్రయత్నం చేస్తుంది. విషాల నుంచి మనిషిని కాపాడే ఈ గుణమే కొన్ని మందుల విషయంలో అడ్డంకి అవుతుంది. మందు శరీరమంతటికీ చేరకముందే కాలేయం దానిలో కొంత భాగాన్ని నిర్వీర్యం చేయడాన్ని వైద్యశాస్త్రం తొలి దాటు జీవక్రియగా గుర్తిస్తుంది. చాలా మందులకు ఈ నష్టం కొద్దిపాటిదే. దానిని లెక్కలోకి తీసుకొనే మోతాదు నిర్ణయిస్తారు. గుండెనొప్పికి వాడే నైట్రోగ్లిసరిన్ వంటి మందులకు మాత్రం ఈ నష్టం చాలా ఎక్కువ. మింగిన నైట్రోగ్లిసరిన్‌లో కాలేయాన్ని దాటి గుండెకు చేరేది అత్యల్పం.

కాబట్టి మింగడంలో రెండు నష్టాలున్నాయి. ఒకటి ఆలస్యం, రెండవది తరుగు. నెలల తరబడి వాడే మందుకు ఆలస్యం పెద్ద విషయం కాదు. ఛాతీనొప్పితో కూర్చున్న మనిషికి ప్రతి నిమిషమూ విలువైనదే.

నాలుక కింది దగ్గరి దారి

అద్దం ముందు నిలబడి, నోరు తెరచి, నాలుక కొనను పై పళ్ల వెనకకు ఆనించి చూస్తే నాలుక అడుగుభాగం కనిపిస్తుంది. మధ్యలో నాలుకను నోటి అడుగుకు కట్టి ఉంచే సన్నని పొర, దానికి ఇరుప్రక్కల నీలంగా మెరిసే సిరలు స్పష్టంగా ఉంటాయి. చేతి మీద సిరలు కూడా చర్మం కింద నుంచి కనిపిస్తాయి గాని, ఇంత దగ్గరగా, ఇంత తేటగా కనిపించవు. నాలుక కింది పొర మందం మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా మాత్రమే ఉంటుంది. బుగ్గల లోపలి పొర దానికంటే కొన్ని రెట్లు దళసరి. పైగా అర చేయి, అర కాలు వంటి చోట్ల ఉండే గట్టి పై పొర నాలుక కింద ఉండదు. జ్వరం చూసే థర్మామీటరును నాలుక కింద పెట్టడానికి కారణం కూడా ఇదే. లోపలి రక్తపు వేడి అక్కడ పైకి దగ్గరగా తగులుతుంది.

ఇక్కడ ఉంచిన మాత్ర లాలాజలంలో కరుగుతుంది. కరిగిన మందు పలుచని పొరను దాటి సన్నని రక్తకేశనాళికల్లోకి పోతుంది. అక్కడి నుంచి నాలుక సిరలోకి, మెడలోని లోపలి కంఠసిరలోకి, ఛాతీలోని ఊర్ధ్వ మహాసిరలోకి ప్రవహించి గుండె కుడిభాగానికి చేరుతుంది. గుండె దానిని ఊపిరితిత్తులకు, అక్కడి నుంచి తిరిగి తన ఎడమభాగానికి తెచ్చుకొని శరీరమంతటికీ పంపుతుంది. ఈ దారిలో పేగు లేదు. కాలేయం మొదటి మజిలీ కాదు. కాలేయానికి మందు చివరకు చేరుతుంది, కాని తన పని చేసిన తర్వాత, మిగతా రక్తంతో కలిసి చేరుతుంది.

నోటి పొర గుండా పదార్థం రక్తంలోకి పోవడం తెలుగువారికి తెలియని సంగతి కాదు. ఒడిశాలో గుడాకు, మహారాష్ట్రలో మిశ్రి, అన్ని చోట్లా ఖైనీ వాడేవారు వాటిని మింగరు. పెదవి వెనుకనో చిగురు మీదనో ఉంచిన కొద్దిసేపటికే వారికి నికోటిన్ మత్తు తెలుస్తుంది. ఆ పొగాకు నోటి క్యాన్సరుకు దారితీస్తుందన్నది వేరే పాఠం. ఇక్కడ గ్రహించవలసినది, అదే తలుపు మంచికీ చెడుకూ ఒకేలా తెరచుకుంటుందన్న విషయం.

అన్ని మందులూ ఈ దారిన పోలేవు

ఇంత దగ్గరి దారి ఉండగా అన్ని మందులనూ ఇలాగే ఎందుకు ఇవ్వరన్న సందేహం సహజం. ఈ తలుపు చిన్నది. దానిని దాటాలంటే మందుకు కొన్ని లక్షణాలుండాలి.

మొదటిది, అణువు చిన్నదై ఉండాలి. ఇన్సులిన్ వంటి పెద్ద ప్రొటీను అణువులు ఈ పొరను తగినంతగా దాటలేవు. రెండవది, మందు లాలాజలంలో కరగాలి, అదే సమయంలో కణపొరల్లోని కొవ్వులోనూ కలవగలగాలి. నీటికే అంటుకొనేది పొర బయటే నిలిచిపోతుంది. కొవ్వుకే అంటుకొనేది లాలాజలంలో కరగనే కరగదు. మూడవది, కొద్ది మోతాదుతోనే పని జరగాలి. నాలుక కింద కొన్ని మిల్లీగ్రాముల మందుకే చోటుంటుంది. అర గ్రాము మాత్రను అక్కడ పెడితే అది కరిగేలోపే లాలాజలంతో గొంతులోకి జారిపోతుంది. నాలుగవది, నోటిని కాల్చకూడదు, ఓర్చుకోలేనంత చేదుగా ఉండకూడదు.

ఈ లక్షణాలున్న మందులు కొన్నే. గుండెనొప్పికి వాడే నైట్రోగ్లిసరిన్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్ వాటిలో ముఖ్యమైనవి. నల్లమందు జాతి మత్తుపదార్థాల అలవాటు నుంచి బయటపడేవారికి ఇచ్చే బ్యూప్రినార్ఫిన్ మరొకటి. దానిని మింగితే ప్రయోజనం బాగా తగ్గుతుంది కనుక, పూర్తిగా కరిగేదాకా నాలుక కిందే ఉంచుకోమని సిబ్బంది దగ్గరుండి చూస్తారు. కొన్నిచోట్ల ఆ మాత్రలో నాలోక్సోన్ అనే విరుగుడును కూడా కలుపుతారు. నాలుక కింద నాలోక్సోన్ దాదాపు లోపలికి పోదు; ఎవరైనా మాత్రను పొడిచేసి సూదిద్వారా ఎక్కించుకుంటే మాత్రం అది వెంటనే పనిచేసి మత్తును అడ్డుకుంటుంది. ఒకే మాత్రలోని రెండు మందుల్లో ఒకటి తలుపు దాటడం, మరొకటి దాటలేకపోవడం ఇక్కడ రక్షణగా మారింది.

పేలుడు పదార్థం గుండెకు మందైన వైనం

నైట్రోగ్లిసరిన్‌ను 1847లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో అస్కానియో సోబ్రెరో తయారుచేశాడు. అది భయంకరమైన పేలుడు ద్రవం. దాని రుచి చూడబోయి, నాలుకకు తగిలిన రవ్వంతకే తీవ్రమైన తలనొప్పి వస్తుందని ఆయన గమనించాడు. ఆ ద్రవాన్ని అదుపులో ఉంచే మార్గం కనిపెట్టి డైనమైటు తయారుచేసినవాడు ఆల్‌ఫ్రెడ్ నోబెల్. ఆ కర్మాగారాల్లో పనిచేసేవారికి సెలవు తర్వాత సోమవారం పనిలోకి రాగానే తలనొప్పి పట్టుకొనేది. వారం గడిచేకొద్దీ శరీరం అలవాటుపడి తగ్గేది. రక్తనాళాలు వ్యాకోచించడమే దానికి మూలం.

లండనులోని వైద్యుడు విలియం మరెల్, నైట్రోగ్లిసరిన్ కలిపిన పలుచని ద్రావణపు సీసా బిరడాను తన నాలుకకు తాకించుకొని, క్షణాల్లోనే తలలో నాడి బలంగా కొట్టుకోవడం గమనించాడు. తర్వాత రోగులపై పరిశీలించి, ఈ మందు గుండెనొప్పిని తగ్గిస్తుందని 1879లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. 1896లో, తన జీవితపు చివరి నెలల్లో, నోబెల్‌కే గుండెజబ్బుకు వైద్యులు ఈ మందును సూచించారు. ఆ విధి వైచిత్రిని ఆయన ఒక లేఖలో ప్రస్తావించాడు.

ఈ మందు ఎలా పనిచేస్తుందన్నది తేలడానికి మరో వందేళ్లు పట్టింది. శరీరంలో ఇది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తుంది. ఆ వాయువు రక్తనాళాల గోడల్లోని కండరాన్ని సడలిస్తుంది. ముఖ్యంగా సిరలు వెడల్పై, గుండెకు తిరిగివచ్చే రక్తం కాసేపు తగ్గుతుంది. గుండె మోయవలసిన బరువు తగ్గి, దానికి కావలసిన ప్రాణవాయువు కూడా తగ్గుతుంది. గుండెకు రక్తమిచ్చే ధమనులు కూడా కొంత విప్పారతాయి. రక్తనాళాలలో నైట్రిక్ ఆక్సైడ్ పాత్రను వెల్లడించినందుకు రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిద్ మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. మాత్రలో ఉండేది మిల్లీగ్రాములో కొంత భాగం మాత్రమే, అదీ ఇతర పదార్థాలతో కలిపి ఉంటుంది కనుక పేలుతుందన్న భయం అవసరం లేదు.

వాడవలసిన తీరు

నొప్పి మొదలైన వెంటనే చేస్తున్న పని ఆపి కూర్చోవాలి. నిలబడి వేసుకోరాదు. నాళాలు వెడల్పైనప్పుడు రక్తపోటు పడిపోయి, కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదముంది. నోరు ఎండిపోయి ఉంటే ఒక గుక్క నీటితో తడిచేసుకొని, ఆ తర్వాతే మాత్రను పెట్టుకోవాలి. పొడి నోట్లో మాత్ర కరగదు. నోట్లో వక్కపొడి, తమలపాకు, పొగాకు ఉంటే ముందుగా ఉమ్మివేయాలి.

మాత్రను నాలుక కింద ఉంచి నోరు మూసుకోవాలి. నమలరాదు, మింగరాదు, అది కరిగేదాకా నీరు తాగరాదు, మాట్లాడరాదు. లాలాజలాన్ని మాటిమాటికీ మింగితే మందు కూడా దానితోనే కడుపులోకి పోతుంది. నైట్రోగ్లిసరిన్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో, ఐసోసార్బైడ్ డైనైట్రేట్ రెండు నుంచి ఐదు నిమిషాల్లో పనిచేయడం మొదలుపెడతాయి. మొదటిదాని ప్రభావం సుమారు అరగంట, రెండవదాని ప్రభావం గంట నుంచి రెండు గంటలు ఉంటుంది. తల బరువెక్కడం, తలనొప్పి, ముఖం వెచ్చబడటం మందు ప్రభావాలే. అయితే ఇవి రాకపోయినంత మాత్రాన మందు పనిచేయలేదని అనుకోనక్కరలేదు.

మొదటి మాత్ర వేసుకున్న ఐదు నిమిషాలకు నొప్పి తగ్గకపోయినా, ఇంకా పెరిగినా 108కి లేదా 112కి ఫోను చేయాలి. రెండవ, మూడవ మాత్రలు వైద్యుడు ముందుగా చెప్పి ఉంటేనే, ఐదేసి నిమిషాల ఎడంతో, అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ వేసుకోవాలి. మూడింటికి మించరాదు. స్కూటరు మీద ఆసుపత్రికి బయలుదేరడం, తెల్లవారేదాకా చూద్దామనుకోవడం ప్రాణానికి ముప్పు. తగ్గని నొప్పి గుండెపోటు కావచ్చు. గుండెపోటును ఈ మాత్ర నయం చేయదు.

చేయరాని పనులు

ఒకరికి రాసిన మాత్రను ఇంకొకరికి ఇవ్వరాదు. పొరుగింటివారికి ఛాతీనొప్పి వస్తే సాయంగా ఇవ్వాలనిపించడం సహజమే. కాని ఆ వ్యక్తి రక్తపోటు అప్పటికే తక్కువగా ఉంటే, లేదా గుండె కుడిభాగం దెబ్బతిని ఉంటే, ఈ మాత్ర రక్తపోటును ప్రమాదకరంగా పడగొడుతుంది. అటువంటప్పుడు అంబులెన్సును పిలవడమే నిజమైన సాయం.

పురుషుల లైంగిక బలహీనతకు వాడే సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, టాడలాఫిల్ వేసుకున్న 48 గంటల్లోపు ఈ మాత్ర వాడరాదు. రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. సిగ్గుపడి ఈ సంగతిని దాచేవారు చాలామంది. వైద్యునికి, అంబులెన్సు సిబ్బందికి దీనిని తప్పక చెప్పాలి.

పేరు దగ్గరగా ఉన్న మాత్రలను కలగాపులగం చేయరాదు. ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ నొప్పి రాకుండా రోజూ మింగే మందు. వచ్చిన నొప్పిని వెంటనే తగ్గించడానికి అది పనికిరాదు. నాలుక మీద కరిగే వాంతుల మాత్రలు కూడా వేరు. అవి మింగడం తేలిక కావడానికి నోట్లో విడిపోయేలా చేసినవే. వాటిలోని మందు లాలాజలంతో దిగి పేగులోనే రక్తంలో కలుస్తుంది. బి12 విటమిను మాత్రలను నాలుక కింద పెట్టుకుంటే ఎక్కువ ఫలితమన్న నమ్మకం ఒకటుంది. పోల్చి చూసిన పరిశీలనల్లో మింగినా, నాలుక కింద ఉంచినా రక్తంలో విటమిను ఇంచుమించు ఒకేలా పెరిగింది.

అన్నిటికంటే ప్రమాదకరమైన పాత అలవాటు ఒకటుంది. రక్తపోటు బాగా పెరిగినప్పుడు నిఫెడిపిన్ గుళికను పొడిచి నాలుక కింద పిండటం కొన్ని దశాబ్దాల క్రితం వైద్యుల దగ్గర కూడా వాడుకలో ఉండేది. నిజానికి ఆ మందు నాలుక కింది పొర గుండా పోయేది చాలా తక్కువ. మింగిన ద్రవమే పేగులో కలిసి, రక్తపోటును అదుపు లేకుండా పడగొట్టేది. ఆ పతనంతో పక్షవాతం, గుండెపోటు వచ్చిన సందర్భాలు వెలుగులోకి రావడంతో, ఈ పద్ధతిని మానుకోవాలని 1996లో అమెరికా వైద్య సంఘ పత్రికలో వచ్చిన వ్యాసం గట్టిగా కోరింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ఇంట్లో ఇంకా ఎవరైనా ఈ సలహా ఇస్తే వినరాదు.

స్పృహ లేని మనిషి నోట్లో మాత్ర గాని, నీరు గాని, చక్కెర గాని పెట్టరాదు. అది శ్వాసనాళానికి అడ్డం పడవచ్చు.

భద్రపరచే తీరు

నైట్రోగ్లిసరిన్ ఆవిరయ్యే స్వభావం గలది. వేడికి, వెలుతురుకు దాని శక్తి తరిగిపోతుంది. సీసాలో వచ్చిన మాత్రలను అదే ముదురురంగు గాజుసీసాలో, మూత గట్టిగా బిగించి ఉంచాలి. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చరాదు, దూది కూరరాదు. స్ట్రిప్పుల్లో వచ్చిన మాత్రలను ముందుగా విప్పి పెట్టుకోరాదు. కిటికీ గట్టు, పొయ్యి పక్క అల్మారా, ఎండలో నిలిపిన కారు మందుకు తగిన చోట్లు కావు. గడువు తేదీని నెలకొకసారి చూసుకోవాలి. సంక్రాంతికో పెళ్లికో ఊరికి బయలుదేరినప్పుడు మందును పెట్టె అడుగున సర్దక, చేతి సంచిలో అందుబాటులో ఉంచుకోవాలి. అది ఏ జేబులో ఉందో పక్కనున్నవారికి కూడా తెలిసి ఉండాలి.

అయిదు భాషల్లో ఒకే మాట

పరాయి భాషలో విన్న వైద్య సలహా సగమే అర్థమైనప్పుడు, ఆ మిగిలిన సగంలోనే ప్రాణం ఉండవచ్చు. ఈ చిన్న మాటలు తెలిసి ఉంటే చాలు.

నాలుక కింద: కన్నడంలో నాలిగెయ కెళగె, తమిళంలో నాక్కిన్ అడియిల్, మరాఠీలో జిభేఖాలీ, ఒడియాలో జిభ తళే.

మింగవద్దు: కన్నడంలో నుంగబేడి, తమిళంలో విళుంగ వేండాం, మరాఠీలో గిళూ నకా, ఒడియాలో గిళన్తు నాహిఁ.

ఛాతీనొప్పి: కన్నడంలో ఎదె నోవు, తమిళంలో నెంజు వలి, మరాఠీలో ఛాతీత్ దుఖణే, ఒడియాలో ఛాతి జంత్రణా.

మందు చేతికి అందిన రోజే, దుకాణంలోనో ఆసుపత్రిలోనో, "ఇది మింగేదా, నాలుక కింద పెట్టేదా?" అని అడిగి తెలుసుకోవాలి. సమాధానాన్ని మాత్రల అట్ట మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసుకోవాలి. చదువు రానివారికి నాలుక బొమ్మ గీసి చూపినా సరిపోతుంది.

ఇంట్లో వేసుకోవలసిన ప్రశ్నలు

ఇంట్లో నాలుక కింద పెట్టే మందు ఎవరికి రాశారు? అది ఎక్కడ ఉంది, దాని గడువు ఎప్పటిదాకా ఉంది? నొప్పి వచ్చినప్పుడు ఎన్ని నిమిషాలు చూసి 108కి ఫోను చేయాలి? అంబులెన్సుకు ఇంటి చిరునామాను స్థానిక భాషలో చెప్పగలవారు ఎవరు? ఈ నాలుగు ప్రశ్నలకు ఇంటిల్లిపాదికీ, పదేళ్లు దాటిన పిల్లలతో సహా, ఒకే సమాధానం తెలిసి ఉండాలి.

సోలాపూరు పెద్దాయన మందుల డబ్బా మీద ఆ సాయంత్రమే కోడలు "నాలుక కింద, నీళ్లు వద్దు" అని రాసి ఉండాలి. ఆ నాలుగు మాటలు ముందే రాసి ఉన్నట్లయితే, ఆయన పావుగంట సేపు అంత బాధపడి ఉండేవాడు కాదు.